హంపి యాత్రకు ముందు తల్లిదండ్రులతో కొన్ని మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల హంపి యాత్రకు సంబంధించిన అంగీకార పత్రాలు ఈ వారం ఇంటికి వస్తాయి. బస్సు, భోజనం, ఖర్చుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయను. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి.

2019 ఫిబ్రవరిలో బయటికి వచ్చిన ఒక వీడియో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హంపిలోని ఒక విష్ణు దేవాలయ ప్రాంగణంలో నిలిచి ఉన్న రాతి స్తంభాలను కొందరు యువకులు నవ్వుకుంటూ తోసి పడగొట్టారు. వీడియో తీసి మరీ పడగొట్టారు. పోలీసులు పట్టుకున్నాక కోర్టు తలా 70 వేల రూపాయల జరిమానా వేసింది. పడిన స్తంభాలను వాళ్ళ చేతనే తిరిగి నిలబెట్టించింది. నాకు ఆ తీర్పు నచ్చింది. పడగొట్టడానికి ఒక్క తోపు చాలు, నిలబెట్టడం ఎంత కష్టమో వాళ్ళ భుజాలకు తెలిసి ఉంటుంది.

ఈ సంగతి తరగతిలో చెప్పి, మీరే న్యాయమూర్తులైతే ఏం చేస్తారని అడిగాను. యావజ్జీవం అన్నారు కొందరు. చేతులు తీసేయాలి అన్నారు మరికొందరు. అంత గట్టిగా తీర్పు చెప్పిన వాళ్ళు కూర్చున్న బల్లల మీద కంపాస్ ముల్లుతో చెక్కిన పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. (ఆ పేర్లలో కొన్ని వాళ్ళ అన్నలవి, అక్కలవి.) పెద్దలం మనమూ ఇంతే అనిపిస్తుంది. ఎవరి పిల్లవాడో చేస్తే ఘోరం, మన పిల్లవాడు చేస్తే అల్లరి. వీడియో చూసి మండిపడతాం. కోట గోడ దగ్గర మన పక్కనే ఒకడు మేకుతో గీకుతుంటే మాత్రం మనకెందుకులే అని ముందుకు నడుస్తాం.

చట్టానికి లోటేమీ లేదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కోపానికీ లోటు లేదు. ఆ కోపం ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2013లో ఈజిప్టులోని లక్సర్ ఆలయంలో, వేల ఏళ్ళ నాటి శిల్పం మీద చైనా భాషలో ‘ఫలానా వాడు ఇక్కడికి వచ్చాడు’ అని చెక్కి ఉండటం ఒక పర్యాటకుడి కంట పడింది. ఫోటో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. జనం వెదికి వెదికి ఆ పేరు గల కుర్రవాణ్ణి పట్టుకున్నారు. అప్పటికి వాడికి 15 ఏళ్ళు. చెక్కింది అంతకన్నా చిన్నప్పుడు. తల్లిదండ్రులు పత్రికాముఖంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వాడు చదివిన బడి వెబ్‌సైటు మీద కూడా దాడి జరిగింది. చేసింది తప్పే, సందేహం లేదు. కానీ ఒక పిల్లవాడి పేరును దేశమంతా కలిసి నలిపేయడం వల్ల ఆ రాయికి ఒరిగిందేమిటి?

అందుకే ముందుగానే చెబుతున్నాను. యాత్రలో మన పిల్లల్లో ఎవరైనా పొరపాటు చేస్తే మేము నేరుగా ఆ ఇంటికే ఫోను చేస్తాం. తరగతి వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో కనిపించదు. మీలో ఎవరికైనా అలాంటిది చేరినా, దయచేసి మరొకరికి పంపకండి.

పాడుచేసేవాళ్ళంతా ఆకతాయిలే అనుకోవడం కూడా సరికాదు. హంపిలోని విఠల ఆలయంలో తడితే స్వరాలు పలికే స్తంభాలు ఉన్నాయి. వాటిని తట్టినవాళ్ళలో ఎక్కువమంది విందామన్న ముచ్చటతోనే తట్టారు. అందరి ముచ్చటా కలిసి రాయి దెబ్బతింటుంటే, ఇప్పుడు తట్టనివ్వడం లేదు. యాభై రూపాయల నోటు మీద ఉన్న రాతి రథం సంగతీ అంతే. ఫోటో కోసం పసిపిల్లలను దాని మీదికి ఎక్కించింది పెద్దలే. ఇక భక్తి. ఎక్కడ శిల్పం కనబడితే అక్కడ కుంకుమ అద్దుతాం, స్తంభం మొదట్లో కర్పూరం వెలిగిస్తాం. మసి, జిడ్డు పట్టి శిల్పం ముఖం మాసిపోయినా అది పాడుచేయడమని మనకు తోచదు. ఈ మాట కొందరికి నొప్పి కలిగించవచ్చు. అయినా పూజ జరిగే గర్భగుడికీ శిథిల మండపానికీ తేడా పిల్లలకు ఇంట్లోనే తెలియాలని నా అభిప్రాయం.

తరగతి చర్చలో ఒక అమ్మాయి నన్ను ఇరుకున పెట్టింది. ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయంలో రామ్సెస్ అనే ప్రాచీన రాజు విగ్రహం కాలి మీద గ్రీకు సైనికులు సుమారు 2,600 ఏళ్ళ కిందట పేర్లు చెక్కారని, చరిత్రకారులు వాటిని ఎంతో విలువైనవిగా చూస్తారని చదివిందట. “వాళ్ళు రాస్తే చరిత్ర, మేము రాస్తే నేరమా?” అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది గానీ చెప్పలేదు. హంపి చూసి వచ్చాక పిల్లలందరూ ఈ ప్రశ్న మీద ఒక పేజీ రాయాలి. ఇంట్లో మీరూ వాళ్ళతో వాదించండి. వాదనలో ఓడిపోయినా ఫరవాలేదు.

మార్కర్ పెన్నులు, జామెట్రీ బాక్సులు ఇంట్లోనే ఉంచండి. బొమ్మలు గీసుకోవడానికి పెన్సిలు, నోటు పుస్తకం పంపితే చాలు. సంతకం చేసిన పత్రాలు శుక్రవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు