ఆరో అర్జీ: మంత్రి గారూ, మా టాకీసు తాళం సంగతి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లాలో, గుంతకల్లుకు బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో జిరాక్స్ షాపు నడుపుకునే వాణ్ణి నమస్కరించి రాసుకునే విన్నపం ఏమనగా...

ఈ ‘ఏమనగా’ అన్న మాట నేను రోజుకు పదిసార్లు టైపు చేస్తాను సార్. పింఛను ఆగిపోయిందనో, పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందనో జనం చెప్తుంటే అర్జీ కొట్టి ఇస్తాను, పేజీకి 20 రూపాయలు. వాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక జవాబు వస్తుంది. నా సొంత అర్జీకే రాలేదు. ఇది ఆరోది. మొదటి రెండూ పోయిన ప్రభుత్వం అర్జీలు తీసుకునే ‘స్పందన’లో ఇచ్చాను. మూడోది ‘జగనన్నకు చెబుదాం’ అని 1902కు ఫోన్ చేసి చెప్పాను. నాలుగు, ఐదు మీ ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’లో. బ్యానర్ మారింది, టేబుల్ మీద గుడ్డ మారింది. నా కాగితం మాత్రం అదే, తేదీ ఒక్కటే మార్చి మళ్ళీ ప్రింటు తీసుకుంటున్నాను. సొంత షాపు కాబట్టి ఖర్చు లేదు.

విషయం మీకు తెలిసిందే. 2020 మార్చిలో కరోనాకు మూసిన మా ఊరి టాకీసు ఇంకా తెరవలేదు. దాని పేరు రాయను, ఓనరు పెద్దాయన, ఇప్పటికే ఆయనకు చాలా ఫోన్లు వస్తున్నాయి.

కంప్యూటర్లో అర్జీ ఎక్కించే పిల్లవాడు మొదటిసారి నన్ను అడిగాడు, “ఇది ఏ శాఖ కింద వెయ్యాల అన్నా?” అని. సినిమా టాకీసు అంటే అతని లిస్టులో లేదు. ‘ఇతరములు’ నొక్కాడు. రెండోసారి ఇంకో ఉద్యోగి నా కాగితంలో ‘అమ్మోరు’ అన్న మాట చూసి దాన్ని దేవాదాయ శాఖకు పంపాడు. మూడు వారాలకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఏ గుడికి ఏం చేశారో కనుక్కుందామని నేను కూడా ప్రయత్నించలేదు.

అర్జీలో అమ్మోరు ఎందుకొచ్చిందని మీరూ అడుగుతారు. చెప్పాలి. కొంచెం పెద్దదవుతుంది, క్షమించండి.

అమ్మోరు 1995 నవంబరు 23న విడుదలైంది. మా ఊరికి నవంబరులో రాలేదు. అప్పుడు సినిమా అంటే రేకు పెట్టెల్లో రీళ్ళు కదా, పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, గీతలు పడ్డాక మాలాంటి సెంటర్లకు వచ్చేవి. సంక్రాంతి పోయింది. శివరాత్రి ముందర ఒక రోజు ఆర్టీసీ బస్సు టాపు మీద నుంచి కూలీ ఆ పెట్టెలు దించాడు. బడి ఎగ్గొట్టి మేం చూస్తున్నాం. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. పెట్టె మీద తెల్లరంగుతో సినిమా పేరు, దాని చుట్టూ పసుపు, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు. వెనకటి ఊరి వాళ్ళెవరో పూసి పంపించారు. కూలీ పెట్టెను నెత్తిన పెట్టుకునే ముందు తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

మా జేజి, అంటే అవ్వ, సినిమాలకు పోయేది కాదు. “తెర మింద బొమ్మల్ని చూసేదానికి దుడ్లు ఇయ్యాల్నా?” అనేది. అట్లాంటిది, రిక్షా మైకులో అమ్మోరు అని వినబడగానే శుక్రవారం ఫస్ట్ షోకు పోదామంది. పొద్దున తలస్నానం చేసి, సాయంత్రం దాకా ఏమీ తినకుండా, కొంగులో వేపాకు రెబ్బలు, కర్పూరం బిళ్ళలు కట్టుకుని బయలుదేరింది. నేల టికెట్టు 3 రూపాయలు. గేటు దగ్గరికి రాగానే “ఒరే అబ్బీ, చెప్పులు ఈడనే ఇడ్సు” అంది. ఆమెను చూసి వెనక ఆడవాళ్ళు విడిచారు, వాళ్ళను చూసి మగవాళ్ళూ విడిచారు. ఇంటర్వెల్‌కు వచ్చి చూస్తే గేటు పక్కన చెప్పుల గుట్ట. ఆట అయ్యాక నాకు ఒక్క చెప్పే దొరికింది. రెండోది ఇప్పటిదాకా దొరకలేదు, దాని మీద నేను ఏ అర్జీ పెట్టలేదు.

గ్రాఫిక్స్ అన్న మాట మాకు తెలియదు. అంతకుముందు దేవుడి సినిమాల్లో దేవుడు టక్కున ప్రత్యక్షమై టక్కున మాయమయ్యేవాడు, పిల్లలకు కూడా ఆ కిటుకు తెలిసిపోయేది. కోడి రామకృష్ణ గారు తీసిన ఈ సినిమాలో కిటుకు తెలియలేదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను తెలుగు తెర మీద అంత విస్తారంగా వాడటం అదే మొదలని తర్వాత్తర్వాత చదువుకున్నాను. ఆ రోజు నేలమీద కూర్చున్న వాళ్ళకు అది కంప్యూటర్ కాదు, నిజం. సౌందర్య ఏడుస్తుంటే జేజి “ఏడవాకమ్మా, వస్తాదిలే” అని తెరకు జవాబు చెప్పింది. మాంత్రికుడిగా రామిరెడ్డి కనబడినప్పుడల్లా “నీ నోట్లో మన్నుపొయ్య” అని తిట్టింది. ఆయన మన సీమ వాడే, వాల్మీకిపురం వాడని ఎవరో చెప్తే, “అయితే ఇంగా సిగ్గుండాల” అంది.

మధ్యలో కరెంటు పోయింది. మామూలుగా అయితే ఈలలు, కేకలు, ఆపరేటర్‌ను తిట్లు. ఆ రోజు ఎవరూ నోరు తెరవలేదు. జనరేటర్ పట్టుకునేదాకా చీకట్లో అట్లానే కూర్చున్నారు. నాకు ఒంటేలు వస్తోందంటే జేజి లేవనివ్వలేదు. “లోపల అమ్మోరు ఉండాది, మనం లేసిపోతే ఏమనుకుంటాది?” చివర్లో రమ్యకృష్ణ ఉగ్రరూపంతో తెర నిండా నిలబడినప్పుడు మా ముందు వరసలో పూలమ్మే ఆమెకు పూనకం వచ్చింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. జేజి లేచి పోయి తెర కింద గచ్చు మీద కొబ్బరి చిప్పలో కర్పూరం వెలిగించింది. గేటు దగ్గరుండే ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఆర్పుతాడేమో అనుకున్నాం. ఎర్రరంగు ఇసుక బక్కెట్టు పక్కన పెట్టుకుని, ఇంకో చేత్తో దండం పెడుతూ నిలబడ్డాడు. (ఫైర్ ఎన్ఓసీ ఇచ్చే వారు ఈ ఒక్క పేరా దయచేసి చదవవద్దు.)

ఆ ఆటలో నేలమీద మా పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? మా ఊళ్ళో పెద్ద కిరాణా కొట్టు ఆయన భార్య. బాల్కనీ టికెట్టు కొనుక్కుని, పైన నుంచి అమ్మోరిని చూడటం తప్పని కిందికి దిగి వచ్చింది.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను.

ఆ టాకీసును మళ్ళీ తెరుస్తానని ఓనరు 2021లోనే అనుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జీవో 35 వచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్టు 5 రూపాయలన్నారు. ఆయన నా షాపుకొచ్చి ఆ జీవో ప్రింటు తీసుకుని, పక్క హోటల్లో టీ తాగి, టీకి 10 రూపాయలిచ్చి ఇంటికి పోయారు. మరుసటి మార్చిలో జీవో 13 వచ్చి కనిష్ఠం 20, గరిష్ఠం 250 అయింది. అది మీ ప్రభుత్వం చేసింది కాదని తెలుసు, మిమ్మల్ని అనడం లేదు. కానీ ఈ రెండు జీవోల మధ్యలో, 2021 డిసెంబరులో, రాష్ట్రమంతా థియేటర్ల తనిఖీలు జరిగాయి కదా. అప్పుడు మూసి ఉన్న మా టాకీసు గేటుకు కూడా బి ఫారం, అంటే హాలు నడిపే లైసెన్సు, రెన్యువల్ లేదని నోటీసు అంటించి పోయారు. ఆట లేని హాలుకు లైసెన్సు లేదని నోటీసు. ఆ జిగురు ఇంకా ఉంది గేటు మీద, కాగితం పోయింది.

బి ఫారం కావాలంటే ఫైర్ వాళ్ళది కావాలి, ఆర్ అండ్ బీ ఇంజనీరుది కావాలి, కరెంటు ఇన్‌స్పెక్షన్ కావాలి. ఉండాల్సినవే, కాదనను. కర్పూరం సంగతి నేనే చెప్పాను కదా. కానీ ఒకటి చేతికొచ్చే లోపల ఇంకోదాని గడువు అయిపోతోంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి, గుంతకల్లు కొత్తగా రెవెన్యూ డివిజన్ అయింది. ఫైలు ఏదని అడిగితే ఒక ఆఫీసులో గుంతకల్లుకు పోయిందన్నారు, అక్కడ అనంతపురంలోనే ఉందన్నారు, ఒకాయన కొత్త జిల్లా కేంద్రం పుట్టపర్తిలో చూడమన్నాడు. మా ఊరికీ పుట్టపర్తికీ ఏం సంబంధం సార్? అయినా పోయాను. షాపు మూసుకుని, రెండు బస్సులు మారి. సాయిబాబా మందిరం చూసి వచ్చాను, పుణ్యం దక్కింది.

2025 మేలో, జూన్ 1 నుంచి థియేటర్లు మూస్తామని సినిమా వాళ్ళు అన్నప్పుడు మీరు దాని వెనక ఎవరున్నారో తేల్చమని విచారణకు ఆదేశించారు. పేపర్లో చదివి చాలా సంతోషించాను. ఇంకా మూయని హాళ్ళ మీద అంత శ్రద్ధ ఉంటే, ఐదేళ్ళుగా మూసి ఉన్నదాని మీద ఎంత ఉంటుందో అనుకున్నాను. ఐదో అర్జీ అప్పుడు పెట్టిందే. అదే ఏడాది సెప్టెంబరులో ఒక పెద్ద సినిమాకు అర్ధరాత్రి బెనిఫిట్ షో 1000 రూపాయలకు అమ్ముకోమని జీవో ఇచ్చారు, మొదటి పది రోజులు మామూలు ఆటలకూ రేటు పెంచుకోమన్నారు. ఆ జీవో ఎంత తొందరగా వచ్చిందో చూశాను. మీ శాఖలో కాగితం కదలదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కదులుతుంది. ఎవరి కాగితం అన్నదే.

మాకు సినిమా చూడాలంటే ఇప్పుడు గుంతకల్లు పోవాలి, లేకపోతే అనంతపురం. ఐదుగురం. బస్సు చార్జీలు, టికెట్లు, పిల్లకు పాప్‌కార్న్, తిరిగి రావడానికి రాత్రి బస్సు ఉండదు కాబట్టి ఆటో. లెక్క రాసుకున్నాను, మీకు రాయను, నాకే సిగ్గుగా ఉంది. మా అమ్మ “మీరు పోయి రాండి, నాకు మోకాళ్ళ నొప్పి” అంటుంది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి సార్, పొద్దున ఆమే నాలుగు బిందెల నీళ్ళు పట్టింది.

మా పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మొన్న వేసవి సెలవుల్లో షాపు కౌంటర్ మీద ఫోన్ పెట్టి అమ్మోరు చూపించాను. పది సెకన్లకోసారి ముందుకు జరుపుతూ చూసింది. చివరికి వచ్చేసరికి తెర మీద అమ్మోరు నా బొటనవేలంత ఉంది. మధ్యలో కరెంటు బిల్లు కట్టమని మెసేజ్ వచ్చి ఆమె నెత్తి మీద నిలబడింది. “నాన్నా, గ్రాఫిక్స్ బాలేవు” అంది పాప. నిజమే, ఆ సైజులో బాలేవు.

పోయిన నెల ఓనరు తాళం తీసి నాకు లోపల చూపించారు. కుర్చీలున్న చోట ఎవరివో శెనక్కాయ బస్తాలు దాచిపెట్టి ఉన్నాయి. తెర కుడివైపు కింద చినిగి వేలాడుతోంది. పావురాలు. తెర కింద గచ్చు మీద ఆ కర్పూరం మసి ఉందేమోనని ఫోన్ లైటు వేసి వెతికాను. ముప్పై ఏళ్ళయింది, ఎక్కడుంటుంది. ఇసుక బక్కెట్టు మాత్రం ఉంది, మూడింట ఒకటి. ఇసుక లేదు.

ఆయన కొడుకులు బెంగళూరులో ఉంటారు, అమ్మేయమంటున్నారు. ఫంక్షన్ హాలు కడతామని ఇద్దరు అడిగారు. ఇంకో ఏడాది చూస్తానంటున్నారు ఆయన. నా అర్జీల మీద నమ్మకంతో కాదు, ఊరికే.

నేను అడిగేది పెద్దది కాదు. మల్టీప్లెక్స్ వద్దు, ఏసీ వద్దు. ఆ ఫైలు ఎక్కడుందో చెప్పించండి. ఆ కాగితాలన్నీ ఒకే రోజు ఒకే చోట చూసే ఏర్పాటు ఏదైనా ఉంటే చేయించండి. మూసి ఉన్న చిన్న హాళ్ళు తెరుచుకోవడానికి ఏదో ఒకటి, అది ఏమిటో మీకే నాకంటే బాగా తెలుసు. తెరవడం కుదరదంటే కుదరదని రాతపూర్వకంగా చెప్పండి, ఆ పెద్దాయన అయినా ఒక నిర్ణయానికి వస్తారు. ముఖ్యంగా ఆ ఫైలు ఎక్కడుందో చెప్పించండి. దేవాదాయ శాఖకు మాత్రం పంపవద్దు.

ఇంకా రాయాలని ఉంది కానీ షాపు ముందు ముగ్గురు నిలబడ్డారు. ముందున్న ఆమెది పింఛను అర్జీ, మూడోసారి వచ్చింది. ఆమెది టైపు చేయాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు వాడు,
అనంతపురం జిల్లా.

జతపరచినవి: పాత అర్జీల రశీదులు నాలుగు. ఫోన్లో చెప్పినదానికి రశీదు ఇవ్వలేదు.