విషం పోలేదు, కదలకుండా ఉంది

సంపాదకులకు నమస్కారం.

బయోచార్ (గాలి అందకుండా కాల్చి చేసిన బొగ్గు) కలిపితే నేలలోని పురుగుమందుల అవశేషాలు 'పోతాయి' అని మీ పత్రికలో చదివాను. 26 ఏళ్లు మట్టి పరీక్షలు చేసినదాన్ని. ఆ ఒక్క మాట సవరించమని అడగడానికే ఈ ఉత్తరం.

లిండేన్ అనే పురుగుమందు పట్టిన ఒకే మట్టిని రెండు సీసాల్లో పోసి, ఒకదాంట్లో నూటికి 2 వంతుల బయోచార్ కలిపి కొన్ని వారాలు ఉంచాం. తర్వాత నీళ్లు పోసి బాగా కుదిపి, తేట తీసి చూస్తే, బొగ్గున్న సీసాలో నీటిలోకి దిగిన లిండేన్ చాలా తక్కువ. అదే మట్టిని మట్టికి అంటుకున్నదాన్ని కూడా బయటికి తీసే అసిటోన్, హెక్సేన్ ద్రావణితో లాగితే రెండు సీసాల్లోనూ దాదాపు ఒకే లెక్క! నమ్మకం కుదరక మొత్తం మళ్లీ చేశాను. లెక్క మారలేదు.

గాలి అందకుండా 600 డిగ్రీల పైన కాల్చిన బయోచార్‌లో, ఒక్క గ్రాములోనే వందల చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉండొచ్చు. నీటిలో ఇమడని అణువులు, అంటే డీడీటీ, తారులో ఉండే పీఏహెచ్‌లు అనే విష రసాయనాల వంటివి, ఆ సన్నని రంధ్రాల్లో దూరి కర్బనానికి అంటుకుపోతాయి. వానపాము ఒంట్లోకి, మొక్క వేళ్లలోకి చేరేది తగ్గుతుంది. మట్టిని తవ్వి లారీలకెత్తకుండానే ఇంత మేలు జరుగుతోందంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

అయితే నేలలోని సేంద్రియ పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది, పట్టు సడలవచ్చు. పైగా లోపల ఇరుక్కున్న విషం సూక్ష్మజీవులకూ అందదు కాబట్టి విరిగిపోవడమూ నెమ్మదిస్తుంది. కలుపు మందునూ బొగ్గు ఇలాగే పట్టేస్తుంది. కలుపు చావలేదని రైతు మోతాదు పెంచితే పరిస్థితి మొదటికొస్తుంది. సరిగా కాలని బొగ్గులోనైతే పీఏహెచ్‌లు దానిలోనే పుడతాయి. చేతికి జిడ్డుగా తగిలి తారు వాసన కొట్టే బొగ్గును పరీక్ష చేయించకుండా నేను నేలలో కలపనివ్వను.

అందుకే ఇలాంటి వార్తల్లో మొత్తం ఎంత ఉంది, నీటిలోకి ఎంత దిగుతోంది అనే రెండు అంకెలూ పక్కపక్కనే వేయండి. బయోచార్ వేసిన నేలను మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారో కూడా రాయండి. ఆ నేల రేపు చేతులు మారితే, కొనేవాళ్లకు అందులో ఏం దాగి ఉందో తెలియాలి కదా.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక మట్టి పరీక్షకురాలు