కయ్య పేరు కూడా రికార్డులో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా పాలికొచ్చిన ముప్పాతిక ఎకరాన్ని ఊళ్లో అందరూ గానుగ కయ్య అనే అంటారు, మా వైపు కయ్య అంటే పొలం మడి. అక్కడ గానుగను చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు, మా తాత కూడా చూడలేదట. ఏడేళ్ల కిందట బోరు పైపు కోసం తవ్వుతుంటే నడుము లోతున రాతి గానుగ బయటపడింది, లోపలంతా అరిగి అద్దంలా నున్నగా ఉంది. ఎన్ని జతల ఎద్దులు తిరిగుంటే రాయి అంత అరుగుతుందో! ఆ రోజు మా అవ్వ దాన్ని చేత్తో తడుముతూ చాలాసేపు అక్కడే కూర్చుంది.

మన పాత చిత్తూరు జిల్లా అంతా ఇలాంటి పేర్లే. పులిచెర్ల, రొంపిచెర్లలో ‘చెర్ల’ అంటే చెరువే. కర్ణాటక సరిహద్దులో రామసముద్రం ఉంది, ఆ మెట్టప్రాంతానికి సముద్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్ద చెరువు తవ్వించి దాన్నే సముద్రం అనుకున్నారు మన పెద్దలు. తిరుపతిలో కొర్లగుంట, చింతలచేను అంటే ఈ కాలం పిల్లలకు ఇళ్లూ సందులే గుర్తొస్తాయి.

పేరు మరిచిపోతే నష్టం కూడా ఉంటుంది. మాకు దగ్గర్లోనే కుంట అని పిలిచే పల్లపు నేలలో ప్లాట్లు వేసి ‘నగర్’ అని కొత్త బోర్డు పెట్టారు, కొన్నవాళ్లు బయటి ఊళ్లవాళ్లు, వాళ్లకు పాత పేరు ఎవరూ చెప్పలేదు. 2021 నవంబరు వానలకు ఆ ఇళ్లలోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. కుంట అని ఒక్క మాట చెవిన పడుంటే అప్పు చేసి అక్కడ ఇల్లు కట్టేవాళ్లా?

పాత దస్తావేజులు తీసి చెక్కుబంది, అంటే భూమి హద్దులు, చదవండి. తూర్పున ఫలానా మర్రిమాను, పడమర సత్రం బావి, దక్షిణాన బండిబాట అని ఉంటుంది. మాను పడిపోయింది, బావి పూడ్చేశారు, బాట చేలల్లో కలిసిపోయింది, ఇవన్నీ ఒకప్పుడు ఎక్కడుండేవో చెప్పడానికి ఆ కాగితం, నలుగురు ముసలివాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే జరిగిన ఊళ్లలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొలతలకు నంబరు కావాల్సిందే, కాదనను, కానీ నంబరును చూస్తే అక్కడ బావి ఉండేదని ఎవరికి తెలుస్తుంది?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. గ్రామ సచివాలయం సర్వేయరు పొలాల్లోకి వచ్చినప్పుడు డెబ్బై దాటిన వాళ్లను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని, ప్రతి కయ్యకు, కుంటకు, వంకకు ఊరివాళ్లు పిలిచే పేరేంటో అడిగి గ్రామ పటం మీద రాయాలి. బడి పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చినా సంతోషంగా చేస్తారు. లేఅవుట్‌కు కొత్త పేరు పెట్టుకున్నా, పాత పేరు కూడా బోర్డు మీద ఉండాలని పంచాయతీ పట్టుబట్టాలి.

మా ఊళ్లో ఈ పేర్లన్నీ తెలిసిన పెద్దాయన ఒకరు పోయిన సంక్రాంతికి ముందు కాలం చేశారు. ఇంకా ఇద్దరున్నారు, ఈ వేసవిలోనే వాళ్లను అడగాలి.

- ఒక రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా