అంకె ముందే చెప్పి వాల్యుయేషన్ అడిగే పద్ధతి ఆపించండి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖల మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్యాంకు లోన్ల కోసం స్థలాలకూ ఇళ్లకూ విలువ కట్టే వాల్యుయర్లం. మా వృత్తిలో నిజాయతీకి దెబ్బ తగిలేది సైటులో కాదు, సైటుకు బయల్దేరక ముందు వచ్చే ఫోనులో. "సార్, ఇది ఎనభైకి రావాలి" అంటారు. చేసేది లోను ఇప్పించే ఏజెంటు కావచ్చు, బిల్డరు మనిషి కావచ్చు, ఒక్కోసారి బ్రాంచి నుంచే కావచ్చు.

ఆ ఎనభై లక్షల అంకె ఎలా పుడుతుందో చూడండి. 1,400 చదరపు అడుగుల ఫ్లాటు ఉంది, ఆ వీధిలో అడుగు 5,000 పలుకుతోంది అనుకుందాం. విలువ 70 లక్షలు. ఇంటి లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదని ఆర్‌బీఐ నిబంధన. అంటే 56 లక్షలు వస్తాయి. కొనేవాళ్లకు 64 లక్షలు కావాలి. వెనక్కి లెక్కేస్తే ఆస్తి 80 లక్షలు ఉండాలి. ఇక రిపోర్టు దానికి తగ్గట్టు అల్లుతారు. అడుగు రేటు 5,500 చేస్తే 77 లక్షలు, కారు పార్కింగు, వుడ్‌వర్కు పేరుతో ఇంకో మూడు. ఫ్లాట్లకు వాడే కాంపోజిట్ రేటులో, అంటే స్థలానికీ కట్టడానికీ కలిపి అడుగుకు వేసే ధరలో, స్థలం అవిభాజ్య వాటా, లిఫ్టు, చాలాసార్లు పార్కింగు కూడా కలిసే ఉంటాయి. అలాంటప్పుడు పార్కింగు మళ్లీ కలిపారంటే ఒకే దానికి రెండుసార్లు వెల కట్టినట్టే. 5,500కు ఆధారం ఏదంటే మెయిన్ రోడ్డు మీది కొత్త గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటును చూపిస్తారు. లోను అడుగుతున్నదేమో సందులో పదిహేనేళ్ల నాటి భవనం. వయసుకూ రోడ్డుకూ తగ్గించాల్సింది తగ్గించరు. సంతకం, ముద్ర, ఫొటోలు అన్నీ పద్ధతిగానే ఉంటాయి కాబట్టి పై ఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు.

ఖాళీ ప్లాట్లలో మోసం ఇంకా తేలిక. హద్దురాళ్లు లేని లేఅవుట్లో రోడ్డు పక్క ప్లాటును చూపించి, లోపలి ప్లాటు దస్తావేజు చేతిలో పెడతారు. నాలుగు హద్దులూ నేలమీద సరిపోల్చకుండా ఫొటో తీసుకుని వచ్చేస్తే, అసలు ప్లాటు చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర, అంటే ఎఫ్‌టీఎల్‌లో ఉందో, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందో తెలిసే దారే ఉండదు.

అదే ఆస్తి వేలానికి వస్తే ఒత్తిడి తిరగబడుతుంది. బాకీ పడిన ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింది నిబంధన 8(5) ప్రకారం అప్రూవ్డ్ వాల్యుయర్ విలువ కట్టాకే రిజర్వు ధర, అంటే వేలంలో కనీస ధర, నిర్ణయించాలి. అప్పుడు తగ్గించమంటారు. మార్కెట్‌ను చూడకుండా విలువలో ఇంత శాతం అని కోసేసి డిస్ట్రెస్ విలువ (తొందరపడి అమ్మితే వచ్చే విలువ) రాసేస్తే, ఇల్లు పోయిన కుటుంబం నెత్తిన బాకీ మాత్రం మిగిలిపోతుంది. ఈ అన్యాయం మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తోంది.

నియమాలు లేవని కాదు. 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళి సక్సెస్ ఫీజు, అంటే పని అనుకున్నట్టు జరిగితేనే ఇచ్చే ఫీజు, కూడదంటోంది. ఆస్తిలో వాల్యుయర్‌కు ఏ రకమైన ప్రయోజనమూ ఉండకూడదనీ, 50 కోట్లు, ఆపైన అయితే ఇద్దరు వేర్వేరుగా విలువ కట్టాలనీ ఆర్‌బీఐ 2007 జనవరిలోనే చెప్పింది. కానీ ఆ నియమావళి వర్తించే, కంపెనీల చట్టం సెక్షన్ 247 కింది వాల్యుయర్ రిజిస్ట్రేషన్ ఆ చట్టం, దివాలా స్మృతి వంటివాటి కింది పనులకే తప్పనిసరి. మామూలు ఇంటి లోను రిపోర్టు ఆ పరిధిలోకి రాదు. పైగా అడిగిన అంకె రాయని వాల్యుయర్‌ను ఎవరూ శిక్షించనక్కర్లేదు. పని పంపడం మానేస్తే చాలు, ఇంకొకరు రాసిస్తారు.

అందుకే మా మొదటి విన్నపం పని కేటాయింపు గురించి. ప్యానెల్లోంచి, అంటే బ్యాంకు ఆమోదించిన జాబితాలోంచి, వాల్యుయర్‌ను బ్యాంకు కేంద్ర కార్యాలయ సాఫ్ట్‌వేర్ వంతులవారీగా ఎంచాలి. బ్రాంచికీ ఏజెంటుకూ అందులో చెయ్యి ఉండకూడదు. కోరిన లోను మొత్తం ఎంతో వాల్యుయర్‌కు చెప్పకూడదు. ఫీజు ఆస్తి విలువను బట్టి కాక, దూరాన్నీ ఆస్తి రకాన్నీ బట్టి ఉండాలి. లోను రాకపోయినా బ్యాంకే చెల్లించాలి.

రెండోది, ఛార్టర్డ్ అకౌంటెంట్ల సర్టిఫికెట్లకు యూడీఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉన్నట్టే లోను కోసం ఇచ్చే ప్రతి వాల్యుయేషన్ రిపోర్టుకూ ఒక నంబరు ఉండాలి, అది అన్ని బ్యాంకులకూ కనిపించాలి. ఇవాళ 70 అన్న రిపోర్టు చెత్తబుట్టలోకి పోయి, 80 అన్నదే ఫైల్లోకి వస్తోంది. నంబరు ఉంటే రెండూ కనిపిస్తాయి. రిపోర్టుకు కనీసం మూడు పోలిక అమ్మకాలు, ఒక్కొక్కదానికి చేసిన సర్దుబాటు, సైటు అక్షాంశ రేఖాంశాలు జతచేయాలి. విలువ కట్టిన లెక్కల కాగితాలు (వర్కింగ్ పేపర్లు) మూడేళ్లు ఉంచితే సరిపోతుందన్న నియమం ఇరవై ఏళ్ల లోనుకు చాలదు. లోను తీరేదాకా ఉంచాలి.

ప్యానెల్ నుంచి ఎవరినైనా తీసేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలుకు దారి ఉండాలి. లేకపోతే ధైర్యంగా 70 రాసే మనిషి మిగలడు.

ఎం.ఎస్. సాహూ అధ్యక్షతన నిపుణుల కమిటీ 2020లో జాతీయ వాల్యుయర్ల సంస్థను ప్రతిపాదిస్తూ ముసాయిదా బిల్లు ఇచ్చింది. దాన్ని పార్లమెంటు ముందుకు తేవాలని కోరుతున్నాం. చట్టానికి సమయం పడుతుంది. కేటాయింపుకూ రిపోర్టు నంబరుకూ మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు, ఆర్‌బీఐ సర్క్యులర్ ఒక్కటి చాలు. ముందు ఆ సర్క్యులర్ ఇప్పించండి.

భవదీయులు,
తెలుగు రాష్ట్రాల భూమి, భవనాల వాల్యుయర్లు