అటక మీది టెలిస్కోప్ దించి ఉంచండి

ఐండ్‌హోవెన్,
4 జనవరి 2026

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. మీరిద్దరూ, అక్కా వాళ్ళూ బాగున్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ ఈ సంగతి ఫోన్లో తేలేది కాదు. నాన్నగారు ‘సరే సరే’ అంటారు, అమ్మ మధ్యలో ‘తిన్నావా’ అంటుంది, అంతటితో అయిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. శ్రీను తొమ్మిదో తారీఖున బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం, ఒక చిన్న అట్టపెట్టె వాడి చేతికిస్తున్నాను. భోగికి ముందే తెనాలి వచ్చి ఇచ్చి వెళ్తానన్నాడు. భోజనం పెట్టకుండా పంపకండి.

ఆఫీసు మామూలే. పని ఎక్కువే, ఉద్యోగానికి మాత్రం ఢోకా లేదు. మార్చి 8 నుంచి సెలవు ఇచ్చారు. సుధ కాన్పుకి డాక్టరు చెప్పింది మూడో వారం కాబట్టి టైముకి వచ్చేస్తాను.

అమ్మా, అన్నం వండుకుంటున్నాను. నువ్వు పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి ఇంకా ఉన్నాయి. రాత్రిళ్ళు పెరట్లో నిలబడి ఏం చేస్తున్నావని, ఒంట్లో బాగుండటం లేదా, నిద్ర పట్టడం లేదా అని సుధని కూడా అడిగావట. అలాంటిదేం లేదమ్మా. ఇక్కడ ఈ నెలల్లో సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి పడుతుంది. సుధ లేని ఇంట్లో లైటు వేసుకుని ఒక్కణ్ణే గోడలు చూస్తూ కూర్చునే కంటే బయట పని పెట్టుకోవడం నయం. రెండు స్వెటర్లు, పైన కోటు, చెవులకి మఫ్లరు. అదీ ఆకాశం తేటగా ఉన్న రాత్రే. ఈ దేశంలో చలికాలం అలాంటి రాత్రి దొరకడమే గగనం, ఎప్పుడూ మబ్బే. దొరికినప్పుడు వదులుకోబుద్ధి కాదు.

నాన్నా, నేను తీసిన గురుగ్రహం ఫోటో చూసి ‘ఎంత పెట్టి కొన్నావురా కెమెరా’ అన్నారు కదా. రెండు యూరోలు. ఏప్రిల్ 27న ఇక్కడ రాజుగారి పుట్టినరోజు. ఆ రోజు ఊరూరా జనం ఇంట్లో పాత సామానంతా వీధిలో దుప్పటి పరిచి అమ్ముకుంటారు. ఒక పెద్దాయన దుప్పటి మీద పాత ఫిలిప్స్ వెబ్‌క్యామ్ కనబడింది. ఆ కంపెనీ 1891లో పుట్టింది ఈ ఊళ్ళోనే. కంప్యూటర్లో ముఖాలు చూసుకోవడానికి చేసిన కెమెరా అది. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు ప్రపంచమంతా ఔత్సాహికులు అలాంటి వాటితోనే గ్రహాలను ఫోటో తీశారు. ఖరీదైన కెమెరా లేకపోయినా గురుడి చారలు, శని వలయాలు ఇంటి డాబా మీంచి పట్టుకోవచ్చని వాళ్ళు చూపించారు.

కంటి ఆపరేషన్ అయ్యాక టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూడలేకపోతున్నానని, మెడ వంచితే నొప్పి అని, దాన్ని అటక మీద పెట్టించేశానని మీరు దసరాకి చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రిటైర్మెంట్ డబ్బులో అమ్మకి చంద్రహారం కొన్నాక మీకోసం మీరు కొనుక్కున్నది అదొక్కటే. వెబ్‌క్యామ్ పెడితే ఇక కన్ను ఆనించే పని లేదు. కుర్చీలో కూర్చుని లాప్‌టాప్‌లో చూడొచ్చు, మీ పక్కన పదిమంది పిల్లలు కూడా ఒకేసారి చూడొచ్చు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇది.

నా వెబ్‌క్యామ్ పాత విండోస్ లాప్‌టాప్ మీదే నడుస్తుంది, అందుకని మీకు లాజిటెక్ సి270 అనే వెబ్‌క్యామ్ పంపుతున్నాను. ముందున్న లెన్స్ నేనే విప్పేశాను, టెలిస్కోప్ అద్దమే ఇక దాని లెన్స్. లోపల చిన్న గాజు పలక కింద సెన్సర్ ఉంటుంది, దాన్ని వేలితో ముట్టుకోకండి, నోటితో ఊదకండి. లెన్స్‌తో పాటు పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ కూడా ఊడిపోయింది. అది లేకపోతే రంగులు తేడాగా వస్తాయి, కాబట్టి వెబ్‌క్యామ్‌కి అతికించిన గొట్టం చివర వేరే ఫిల్టర్ బిగించాను. ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే లెన్స్, పెట్టే చోట ఆ గొట్టం పెట్టి స్క్రూ బిగించడమే. నాది మాత్రం ఇప్పటికీ ఫిలిం డబ్బాయే. అమ్మ కుంకుమ పోసుకుని ప్రయాణాల్లో తీసుకెళ్ళే నల్ల డబ్బా లేదూ, అలాంటిదే. అడుగు కోసి వెబ్‌క్యామ్‌కి అతికిస్తే ఒకటింపావు అంగుళాల గొట్టంలో సరిగ్గా పడుతుంది.

ముందు పట్టపగలు ఒక పని చేయండి. డాబా మీంచి దూరంగా కనిపించే సెల్ టవర్ కొసను ఐపీస్‌తో పట్టుకుని, గురి చూసుకునే చిన్న ఫైండర్ కూడా సరిగ్గా అక్కడికే వచ్చేలా మూడు స్క్రూలూ తిప్పండి. వెబ్‌క్యామ్ సెన్సర్ మీ చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. మీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 900 మిల్లీమీటర్లు, అందుకని బొమ్మ పెద్దగా పడి చందమామ కూడా సగం పట్టదు. ఫైండర్ తేడా ఉంటే గురుణ్ణి వెతకడానికే రాత్రంతా పోతుంది. టవర్ సూర్యుడున్న వైపు కాకుండా చూసుకోండి. పగలు మూత తీసి వదిలేయకండి, బుజ్జిగాడు సూర్యుడి వైపు తిప్పాడంటే క్షణంలో కన్ను పోతుంది. ఈ ఒక్క మాట వాడికి గట్టిగా చెప్పండి.

రాత్రి ముందు ఐపీస్‌లో గురుణ్ణి మధ్యకి తెచ్చి, తర్వాత వెబ్‌క్యామ్ పెట్టండి. తెర మీద పెద్ద మసక గుండ్రం కనబడుతుంది, అది చిన్నదయ్యే వైపు ఫోకస్ నాబ్ తిప్పండి. షార్ప్‌క్యాప్ అనే ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అందులో ఆటో అని ఉన్నవన్నీ తీసేసి, చారలు కనబడేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఆటోలో వదిలేస్తే గురుడు తెల్లటి ముద్దగా వస్తాడు. టెలిస్కోప్‌ని గ్రహం వెంట తిప్పే మోటారు లేదని బెంగ వద్దు. గ్రహం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరగడానికి దాదాపు నిమిషం పడుతుంది, ఆ నిమిషం వీడియో చాలు. మళ్ళీ మధ్యకి తెచ్చి ఇంకోటి తీయండి. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలు కూడా పట్టదు కాబట్టి మోటారున్నా రెండు మూడు నిమిషాలకి మించి తీయకూడదు, తీస్తే మచ్చలు అలుక్కుపోతాయి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, మసక వీడియోలోంచి అంత తేట ఫోటో ఎలా వచ్చిందని. కాలవలో నీళ్ళు పారుతుంటే అడుగున రాయి వంకరగా కదులుతూ కనబడి, ఒక్కో క్షణం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది కదా, మన నెత్తి మీద గాలి చేసేదీ అదే. వెబ్‌క్యామ్ సెకనుకి ముప్ఫై బొమ్మలు తీస్తుంది. రెండు నిమిషాల్లో 3,600. గాలి నిలకడగా ఉన్న క్షణంలో పడ్డవి వాటిలో కొన్ని ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అనే ప్రోగ్రామ్ అన్నిటినీ చూసి మంచివాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి కదలకుండా పేరుస్తుంది. తొమ్మిది వందలు పేరిస్తే గరుకుదనం ముప్ఫయ్యో వంతుకి పడిపోతుంది. తర్వాత రెజిస్టాక్స్‌లో పెట్టి మెల్లగా పదును పెంచుకుంటే గురుడి నడుం మీద రెండు చారలు లేచి వస్తాయి. ఈ రెండు ప్రోగ్రాములూ ఈ దేశం వాళ్ళే రాసి ఊరికే ఇచ్చేశారు. పదును ఎక్కువ పెంచితే లేనివి కూడా కనబడతాయి, ఆశ పడకండి.

ఈ నెల 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, రాత్రంతా ఉంటాడు. పునర్వసు నక్షత్రాలకి దగ్గర్లోనే, మిగతా చుక్కలన్నిటికన్నా పెద్దగా. ఇక్కడ నాకంత ఎత్తుకి రాడు, మీకైతే అర్ధరాత్రి దాదాపు నడినెత్తికొస్తాడు. అంత పైన ఉన్నప్పుడు అడ్డొచ్చే గాలి తక్కువ. కాబట్టి నా ఫోటో కన్నా మీది బాగా రావాలి.

అమ్మా, శని ఫోటో నీకు పంపొద్దని సుధ చెప్పింది. అయినా పంపుతున్నాను. నాది మీనరాశి, జన్మ శని నడుస్తోందని నువ్వు శనివారం శనివారం తైలాభిషేకం చేయిస్తున్నావని తెలుసు. చేయించు, నేను కాదనను. కానీ ఫోటో చూడు. వలయం సన్నటి గీతలా ఉంది, చూశావా? పోయిన మార్చిలో అది మనవైపు సరిగ్గా అంచుకి తిరిగింది. సుమారు పదిహేనేళ్ళకోసారి అలా అవుతుంది, ఇంతకుముందు 2009లో. ఆయన మెల్లగా ఒక చుట్టు తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. రాశికి రెండున్నర, మూడు రాశులకి ఏడున్నర. ఆయన చూపు పడి నాకేదో అవుతుందని నువ్వు రాత్రుళ్ళు నిద్ర మానుకోవద్దు. నీకు బీపీ ఉంది.

సుధ వెళ్ళేముందు ఇద్దరం ఫ్రానెకర్ అనే ఊరు వెళ్ళాం. అక్కడ ఐసే ఐసింగా అని ఉన్ని దువ్వే పని చేసుకునే ఆయన తన ఇంటి హాలు పైకప్పు మీద గ్రహాలన్నీ తిరిగే యంత్రం కట్టాడు. 1774 మే 8న కొన్ని గ్రహాలూ చందమామా ఒక్కచోట చేరుతున్నాయని, ప్రపంచం అంతమైపోతుందని జనం హడలిపోయారట. భయపడాల్సిందేం లేదని అందరికీ చూపించాలని ఆయన మొదలుపెట్టి, 1781కి పూర్తి చేశాడు. ఇప్పటికీ తిరుగుతోంది. ఆ పైకప్పు మీద కూడా శని ఒక చుట్టుకి ఇరవై తొమ్మిదేళ్ళు తీసుకుంటాడు. కిందే గోడలో ఆయన పడుకునే మంచం. సుధ మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నిలబడింది. మన బిడ్డకి ఇది చూపించాలి అంది.

సుధ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, అమ్మా. మార్చి 3న ఫాల్గుణ పౌర్ణమి, చంద్రగ్రహణం. నువ్వు అప్పుడే మీ వదినగారికి, అదే సుధ వాళ్ళమ్మగారికి, ఫోన్ చేసి తలుపులు వేసి ఉంచమని, పట్టు విడిచేదాకా ఏమీ పెట్టొద్దని చెప్పావట. గ్రహణం పట్టే వేళకి తొమ్మిది గంటల ముందు నుంచి సూతకం అంటే పొద్దున ఆరింటికే మొదలు, సాయంత్రం ఏడు దాకా. తొమ్మిదో నెల మనిషి అన్ని గంటలు తిండీ నీళ్ళూ లేకుండా ఎలా ఉంటుంది? భూమి నీడ చందమామ మీద పడటం తప్ప అందులో ఇంకేమీ లేదు. మామూలు కంటితో చూసినా కంటికీ, కడుపులో బిడ్డకీ ఏమీ కాదు. తనకి బయటికి రావాలని లేకపోతే రానక్కర్లేదు, పడుకోనీ. తిండి మాత్రం ఆపొద్దు. కోపం తెచ్చుకోకు. నా మీద ప్రేమతోనే చెప్తున్నావని నాకు తెలుసు. వదినగారు నీ మాట కాదనలేరు కాబట్టి నువ్వే మళ్ళీ ఫోన్ చేసి చెప్పాలి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు నాయనమ్మ మిమ్మల్ని గదిలో పెట్టి తలుపేసిందని ఎన్నిసార్లు చెప్పారు నాన్నా! హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలకి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చారని మర్నాడు పేపర్లో చదివి ఏడ్చానన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

మార్చి 3 గ్రహణం నాకు కనబడదు, ఇక్కడ పట్టపగలు. మీకు చందమామ పొద్దుగూకే వేళకి గ్రహణంతోనే ఉదయిస్తాడు, దాదాపు మూడో వంతు నీడలో ఉంటాడు. 6 గంటల 47 నిమిషాలకి నీడ పూర్తిగా వదులుతుంది. అంటే మీకు ఉండేది అరగంట లోపే, అదీ తూర్పున కిందుగా. మన డాబాకి తూర్పున కొబ్బరి చెట్లు అడ్డం, కాబట్టి మీ హైస్కూలు డాబా అడగండి, హెడ్మాస్టరుగారు మీ శిష్యుడే కదా. ఐదున్నరకల్లా అన్నీ బిగించి సిద్ధంగా ఉండండి. చందమామ మీద ఒక అంచు దగ్గర విడిగా గుండ్రటి నల్లమచ్చ ఉంటుంది, మేర్ క్రీసియం అంటారు. నీడ చివరగా వదిలేది ఆ వైపే. వెబ్‌క్యామ్ అక్కడ పెట్టి ఉంచితే నీడ అంచు ఆ మచ్చని దాటిపోవడం తెర మీదే కనబడుతుంది. ఆ వీడియో నాకు కావాలి. పేర్చడం, పదును పెట్టడం నేను చేసుకుంటాను. పిల్లలు చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ కనబడుతుందా అని తప్పకుండా అడుగుతారు. మీ నాలుగున్నర అంగుళాల అద్దానికి రెండు కిలోమీటర్ల కన్నా చిన్నవి విడిగా తెలియవు. అయినా దక్షిణ ధ్రువం వైపు చూపించి 2023 ఆగస్టు 23న అది దిగిన సంగతి చెప్పండి.

ఒక్కసారే మార్చి 3న మొదలుపెట్టకండి, ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. ఈ నెలాఖరులో సప్తమి, అష్టమి రోజుల్లో చందమామని పెట్టండి. పౌర్ణమి చంద్రుడు చదునుగా ఉంటాడు, సగం చంద్రుడికి వెలుగూ చీకటీ కలిసే చోట గుంటల అంచులు ఎత్తుగా లేస్తాయి. కోపర్నికస్ అని 93 కిలోమీటర్ల గుంట ఉంది, అష్టమి దాటాక మర్నాడు వెతకండి. లాప్‌టాప్‌కి వైరు చాలకపోతే పెట్టెలో ఐదు మీటర్ల యూఎస్‌బీ కేబుల్ ఉంది.

అక్క డెంటల్ సంగతి ఏమైంది? ఖర్చు గురించి మొహమాటపడొద్దని చెప్పండి. ముందుగది పెచ్చులూడుతోందన్నారు, మేస్త్రీని సంక్రాంతి వెళ్ళాక పిలిపించండి, డబ్బు పంపుతాను. నాన్నగారు షుగర్ పరీక్ష చేయించుకుని నాకు వాట్సాప్‌లో పెట్టాలి.

అటక ఎక్కడానికి మీరు నిచ్చెన వేసుకోవద్దు, ఆ పని బుజ్జిగాడి చేత చేయించండి. పెట్టె అందగానే ఫోన్ చేయండి, వీడియో కాల్‌లో నేను చూస్తుండగా మొదటిసారి బిగిద్దాం.

ఇట్లు,
మీ కుమారుడు
రమణ