నా కోసం ఆగినవాళ్లందరికీ కృతజ్ఞతలు

ఆరుబయట వేసిన బొమ్మలతో పెట్టిన నా చిత్రప్రదర్శన నిన్నటితో ముగిసింది. వచ్చినవాళ్లలో చాలామంది "ఈ రంగులు ఎలా పట్టుకున్నారు?" అని అడిగారు. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. బొమ్మల మీద సంతకం నాది. వాటికి పట్టిన సమయంలో మాత్రం చాలా భాగం నాతో నడిచినవాళ్లది.

ముందుగా మా ట్రెక్కింగ్ బృందానికి. చీకటి పడేలోపు కొండ దిగాలని ప్రతి మలుపుకీ ఒక లెక్క వేసుకుంటారు మీరు. మధ్యలో ఒకరు స్కెచ్‌బుక్ తీసి కూర్చుంటే ఆ లెక్కంతా మారిపోతుంది. అయినా ఎవరూ నన్ను విసుక్కోలేదు. పైగా నా కోసమని బయలుదేరే టైమే ముందుకు జరిపారు. సూర్యుడు ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు గడిస్తే మొదలుపెట్టినప్పటి నీడలు ఉండవు, రంగూ ఉండదు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే 1890-91లో గడ్డివాముల బొమ్మలు వేసినప్పుడు కొన్ని క్యాన్వాసులు దగ్గర పెట్టుకుని, వెలుగు మారగానే ఒకటి పక్కనపెట్టి ఇంకోటి అందుకునేవారు. కొండ మీదికి అన్ని మోసుకెళ్లడం అయ్యే పని కాదు. వెలుగు ఉన్న ఆ కాసేపూ కదలకుండా కూర్చోగలగడమే నాకు కావలసింది, అది మీరిచ్చారు.

బృందాన్ని నడిపించే అన్నకి ఇంకో మాట. "ఈరోజు కొండలు ఎన్ని వరసలు కనబడుతున్నాయో చూడు" అని పొద్దున్నే అడిగేవారు. వాతావరణం ఎలా ఉందో ఆయన చూసుకునే పద్ధతి అది. నాకు మాత్రం అదే రంగుల పాఠమైంది. గాలి నీలి వెలుగుని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి ఒక్కో వరస వెనక్కి వెళ్లేకొద్దీ కొండ లేతగా, నీలంగా మారుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే నీలం పోయి తెల్లబారుతుంది. దూరాన ఉన్న తెల్ల మేఘం దీనికి ఎదురు, అది కాస్త పసుపు తిరుగుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నేనూ చదివాను. కానీ వరసలు లెక్కపెట్టడం అలవాటయ్యాకే నా చెయ్యి నమ్మింది.

పక్షుల్ని చూడ్డానికి తీసుకెళ్లే అక్కకి ఎంత చెప్పినా తక్కువే. బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, ఈకల రంగు కంటే ముందు పిట్ట కూర్చున్న తీరు చూడమన్నారు. మెడ ఎంత ముడుచుకుంది, తోక ఎటు వాలింది అన్నది చూశాక రెండు గీతల్లో పిట్ట వచ్చేది. నోట్‌బుక్ పద్ధతి కూడా ఆమె నేర్పిందే. ఏం చూసినా తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసుకుంటారు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మేఘాల్ని గీసినప్పుడు చాలా బొమ్మల వెనక ఇలాంటివే రాసిపెట్టారు. ఇప్పుడు నేనూ రాస్తున్నాను. తర్వాత స్టూడియోలో పెద్ద క్యాన్వాస్ మొదలుపెట్టేటప్పుడు ఫోటో కంటే ఆ రెండు లైన్లే ఎక్కువ పనికొస్తున్నాయి. ఫోటోలో ఆకాశం బాగా వస్తే నీడలు నల్లగా మూసుకుపోతాయి, నీడలు బాగుంటే ఆకాశం తెల్లగా పోతుంది.

నీళ్ల మీద బొమ్మలు ఎలా వేశానని అందరికంటే ఎక్కువమంది అడిగారు. కయాక్‌లో ఒక్కదాన్నే కుంచె పట్టడం కుదరదు. ఒక తమ్ముడు తన కయాక్‌ని నా దానికి ఆనించి, అంచు పట్టుకుని కూర్చునేవాడు. అలా రెండూ కలిస్తే ఊగవు. అంత కిందినుంచి చూస్తే నీళ్లలో ప్రతిబింబాలు ఎంత వేరుగా ఉంటాయో! నీళ్లలో కనిపించే వంతెన పైనున్న వంతెనకి తలకిందుల బొమ్మ కాదు, దాని అడుగుభాగం కనిపిస్తుంది. ముదురు రంగులో ఉన్నవి నీళ్లలో కాస్త లేతగా కనిపిస్తాయి. తమ్ముడూ, నీ చేతులు నొప్పి పుట్టాయని నాకు తెలుసు, నువ్వు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

తన గొడుగు నాకిచ్చేసిన పెద్దాయనకి నమస్కారాలు. ఎండ నేరుగా కాగితం మీద పడితే రంగులు ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తాయి, ఇంట్లోకి తెచ్చి చూస్తే బొమ్మ చీకటిగా ఉంటుంది. ఈ సంగతి చెప్పి వదిలేయకుండా గొడుగే చేతిలో పెట్టారు.

పెద్ద క్యాన్వాసులకి ఆధారమైన చిన్న బొమ్మలన్నీ నా దగ్గరే ఉన్నాయి. వాటిని అమ్మను, అవి మీవి. మీరు ఆగిన చోటు ఏదో, ఏ బొమ్మ కావాలో నాకు మెసేజ్ పెట్టండి. వెనక తేదీ, టైము, గాలితో పాటు ఆరోజు నా పక్కన ఎవరున్నారో కూడా రాసి ఇస్తాను.