నువ్వు ఆయనలా ఉండక్కర్లేదు రా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఫ్యాక్టరీ యూనియన్‌కి కార్యదర్శిగా గెలిచావు కదా, సంతోషం పంచుకుంటావనుకుంటే నాలుగు పేజీల నిండా నీ టెన్షనే! "పెద్దాయన గేటు దగ్గర నిలబడితే షిఫ్టు షిఫ్టంతా ఆగిపోయేది, నేను మైకు పట్టుకుంటే బండి స్టార్ట్ చేసుకుని పోతున్నారు" అన్న దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ఆ తర్వాత అదే మాట రెండు రోజులు బుర్రలో తిరిగింది.

నీకు ముందు సంఘం నడిపిన పెద్దాయన గొప్పవాడే, కాదనను. కానీ ఆయన వచ్చిన రోజుల్లో మేనేజ్‌మెంట్ కాగితం ఇస్తే చదివి అర్థం చెప్పగలిగింది ఆయనొక్కడే. అందుకే అందరూ ఆగి విన్నారు. ఇప్పుడు అదే కాగితం నీకంటే ముందు వాళ్ల ఫోన్లోకి వచ్చేస్తోంది. ఇక నీ గేట్ మీటింగ్‌కి ఎందుకాగుతారు, చెప్పు?

1918లో మద్రాసులో లేబర్ యూనియన్ పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడైన బి.పి. వాడియా మిల్లు పనివాడు కాదు, దివ్యజ్ఞాన సమాజం మనిషి. అక్కడి బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికులకు బయటివాడే ఎందుకు కావాల్సివచ్చాడు? లోపలివాడు నోరు విప్పితే మర్నాడు పనిలోంచి తీసేస్తారు. పనిలోనే లేనివాణ్ణి ఎక్కణ్ణించి తీస్తారు! యాజమాన్యం చివరికి ఆయన మీద కోర్టుకెళ్లి నిషేధపుటుత్తర్వు తెచ్చింది. సంఘం నడిపేవాళ్లకు చట్టం అండ కావాలన్న గొడవ దాంతో బలపడి, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అందులో ఆఫీసు బేరర్లలో సగం మంది దాకా బయటివాళ్లు ఉండొచ్చన్నారు. 2001 సవరణ వచ్చేసరికి వ్యవస్థీకృత రంగంలో అది మూడో వంతుకో ఐదుగురికో, ఏది తక్కువైతే దానికి, దిగిపోయింది. మన వకీలు నాయకుల్ని మనం ఎంత ఆడిపోసుకున్నామో గుర్తుందా? వాళ్లు ఎందుకు వచ్చారో అప్పుడు ఆలోచించలేదు. వాళ్లు మాట్లాడుతుంటే మనకు వినడమే అలవాటైపోయింది, అదొక్కటే నాకిప్పటికీ బాధ.

బ్రెజిల్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ 1930ల్లో దేశాన్నేలిన వర్గాస్ కాలం నుంచి సంఘాలు కార్మిక శాఖ గుప్పిట్లో ఉండేవి. సభ్యుడైనా కాకపోయినా ప్రతి కార్మికుడి జీతంలోంచి ఏడాదికి ఒక రోజు కూలి సంఘం పన్నుగా కోసేవారు. చందా అడగాల్సిన పనే లేనప్పుడు నాయకుడికి కార్మికుడి మొహం చూడాల్సిన అవసరమేముంది? అలాంటి నాయకుల్ని జనం 'పెలేగో' అనేవారు. అంటే గుర్రం మీద జీనుతో పాటు వేసే గొర్రెతోలు. స్వారీ చేసేవాడికి సుఖం, గుర్రానికి ఒరుపు తెలియదు. ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా మనకు తెలిసిన ఒకరిద్దరు కళ్లముందు కనబడతారు, పేర్లు వద్దులే.

తర్వాత ఆ దేశానికే అధ్యక్షుడైన లూలా 1975లో నాయకుడైంది కూడా అలాంటి చట్టం కింద నడిచే లోహ కార్మికుల సంఘానికే. లేత్ మిషన్ మీద పనిచేసినవాడు, ఎడమచేతి చిటికెన వేలు ఫ్యాక్టరీలో పోగొట్టుకున్నవాడు. 1979 మార్చిలో సమ్మె. సైనిక పాలన నడుస్తున్న రోజులు. స్టేడియం నిండా వేలల్లో జనం, సరైన మైకు లేదు. ఆయన ఒక బల్లెక్కి ఒక్కో వాక్యం చెబితే ముందు వరసవాళ్లు వెనక్కి చెప్పారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకా వెనక్కి. అలా చివరి వరస దాకా చేరింది. మైకు పట్టుకుంటే గొంతు ఆరిపోతోందన్నావు చూడు, అందుకని ఇది రాస్తున్నాను. ఆ రోజు సభ నడిపింది ఆయన గొంతు కాదు.

పోలండ్‌లో 1980 ఆగస్టు నాటి షిప్‌యార్డ్ సమ్మె అనగానే అందరికీ దాని నాయకుడు వలెన్సా మీసాలే గుర్తొస్తాయి. అది మొదలైంది మాత్రం అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ని రిటైర్మెంట్‌కి ఐదు నెలల ముందు ఉద్యోగంలోంచి పీకేసినందుకు. ప్రభుత్వంతో చర్చలు జరుగుతుంటే ఆ మాటలన్నీ లౌడ్ స్పీకర్లలో షిప్‌యార్డ్ అంతటా వినిపించారు. మనవాళ్లు తలుపులేసుకుని ఒప్పందం చేసుకొచ్చి, బయటికొచ్చి దండలేయించుకోవడం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. అమెరికాలో 1886లో ఏ.ఎఫ్.ఎల్. అనే కార్మిక సంఘాల సమాఖ్య మొదలైనప్పుడు దాని మొదటి అధ్యక్షుడు గాంపర్స్ చుట్టలు చుట్టే పనివాడు. ఆ పనిలో చప్పుడుండదు కాబట్టి ఒకడు పేపరో పుస్తకమో పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టేవారు. అతని రోజు పని వీళ్లే పంచుకుని చేసేవారు. గాంపర్స్‌కి అదే కాలేజీ. అయితే చేతిలో నైపుణ్యం ఉన్నవాళ్లనే కూడగట్టి, లేనివాళ్లలో చాలామందిని వదిలేశారు. ఆ కాలానికి అదే తెలివైన దారిలా కనబడి ఉంటుంది. మన పెద్దాయన చేసిందీ అదే. పర్మనెంట్ వాళ్లకు మంచి ఒప్పందాలు తెచ్చాడు, కాంట్రాక్టు వాళ్ల పేర్లు మాత్రం రిజిస్టర్‌లోకి ఎక్కించలేదు.

గేటు దగ్గర బండి స్టార్ట్ చేసుకుని పోతున్నారన్నావే, వాళ్లలో కాంట్రాక్టు వాళ్లెందరో ఒకసారి లెక్కెట్టి రాయి. వచ్చే నెల చర్చలకు ఎవరెవర్ని లోపలికి తీసుకెళ్తున్నావో కూడా.

నీ
రాజు